బ్యాంకాక్ దగ్గర రైలు సంత, పడవల సంత, మిణుగురులు: మా జువాలజీ బ్యాచ్ వెళ్ళిన ఒక్కరోజు టూర్ రివ్యూ

మాది శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ, బీఎస్సీ జువాలజీ ఫైనలియర్. దసరా సెలవుల్లో 18 మంది స్టూడెంట్స్, మా మేడం, ఇంకో సార్, మొత్తం 20 మందిమి థాయిలాండ్ వెళ్ళొచ్చాం. బ్యాంకాక్ సిటీ గురించి ఇప్పటికే బోలెడంత మంది రాశారు కాబట్టి దాని జోలికి పోను, శనివారం నాడు ఒక టూర్ కంపెనీ వ్యాన్లలో వెళ్ళిన ఒక్కరోజు ట్రిప్ గురించి మాత్రమే రాస్తాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఎందుకంటే మా బ్యాచ్ లో డబ్బున్న ఇళ్ళ పిల్లలు ఒక్కరూ లేరు. నేను రెండేళ్ళు మా ఊళ్ళో చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్నా, తక్కువ పడింది నాన్న వేశారు, ఒకమ్మాయిని వాళ్ళమ్మ డ్వాక్రా లోన్ తీసి పంపింది, ముగ్గురైతే పేర్లిచ్చి కూడా ఆఖర్లో డబ్బు సర్దుబాటు కాక ఆగిపోయారు. అలాంటిది ఆ ఒక్కరోజుకి మనిషికి 1,400 బాత్ కట్టాం, మేం మార్చుకున్న రేటుకి అది 3,800 రూపాయలు. వచ్చే ఏడాది మా జూనియర్లు వెళ్తామంటున్నారు, వాళ్ళు కట్టే ప్రతి రూపాయికీ ఏం వస్తుందో తెలిసి కట్టాలని నా తాపత్రయం.

ముందు ఒక్క ముక్కలో చెప్పాలంటే, చూసిన చోట్లకి 5 కి 5 ఇస్తా, తీసుకెళ్ళిన కంపెనీకి 2 ఇస్తా, ఆ 2 కూడా మా వ్యాన్ డ్రైవర్ గారి పుణ్యమే. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటి ప్యాకేజీలు అక్కడ అందరూ అమ్ముతారు, ప్లాన్లు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, కాబట్టి పేరు కన్నా ఎక్కడెక్కడ టైమ్ పోతుందో తెలుసుకుంటే మేలు.

వెళ్ళడం సంగతి త్వరగా చెప్పేస్తా. వైజాగ్ నుంచి బ్యాంకాక్ డాన్ మువాంగ్ ఎయిర్‌పోర్టుకి 2024 ఏప్రిల్ లో ఎయిర్ ఏషియా డైరెక్ట్ ఫ్లైట్ మొదలైంది, మనలాంటి వాళ్ళకి హైదరాబాదో చెన్నయ్యో వెళ్ళి మారే బాధ తప్పింది. మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకి టూరిస్టు వీసా అక్కర్లేదు, కానీ 2025 మే 1 నుంచి డిజిటల్ ఎరైవల్ కార్డు తప్పనిసరి చేశారు, దిగే ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్ లో నింపాలి. అది పూర్తిగా ఫ్రీ. డబ్బులడిగే వేరే సైట్లు కూడా ఉన్నాయి, మా బ్యాచ్ లో ఒకబ్బాయి అలాంటి దాంట్లో కార్డు నంబర్ కొట్టేసి డబ్బు పోగొట్టుకున్నాడు, పాపం రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. అందుకని అందరూ ఒకచోట కూర్చుని థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ళ సొంత సైట్ లోనే నింపండి.

మాలో ఇద్దరు విజయనగరం అమ్మాయిలు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర కదా, సోమవారానికల్లా ఇంట్లో ఉండాలని ముందే కండిషన్ పెట్టారు, అందుకే ఈ టూర్ కి శనివారం తప్ప వేరే రోజు దొరకలేదు. అదే మంచిదయింది, ఎందుకంటే సాయంత్రం వెళ్ళే అంఫావా సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే ఉంటుందట, వేరే రోజు వెళ్తే మూసేసిన కొట్లు చూసి రావాలి. బుక్ చేసేటప్పుడు ఈ సంగతి కంపెనీ వాళ్ళు మాకు చెప్పలేదు, మేడం చదివి చెప్పారు.

వాళ్ళు వాట్సాప్ లో పంపిన ప్లాన్ ఇలా ఉంది. పొద్దున్న 6:30 కి హోటల్ దగ్గర ఎక్కడం, 8:30 కి డామ్నెన్ సదువాక్ పడవల సంత, 10:45 కి మేక్లాంగ్ రైలు సంత, అక్కడ 11:10 కి వచ్చే రైలు చూసి భోజనం, మధ్యాహ్నం డాన్ హోయి లాట్ అనే బురద తీరం, సాయంత్రం అంఫావా, చీకటి పడ్డాక మిణుగురుల బోటు, రాత్రి 9:30 కి హోటల్. చదవడానికి ఎంత బావుందో. జరిగిందేమో ఇంకోటి. మొదటి వ్యాన్ 6:35 కే వచ్చింది, రెండోది 7:25 కి వచ్చింది, ఎందుకంటే దాన్ని ముందు ఇంకో హోటల్ కి పంపి అక్కడి వాళ్ళని ఎయిర్‌పోర్టు బస్సు దగ్గర దింపించారట. మా 20 మందికి రెండు వ్యాన్లు అని పూర్తి డబ్బు తీసుకుని మా వ్యాన్ తోనే ఇంకో బేరం చేసుకున్నారన్నమాట. ఆ యాభై నిమిషాలు రోజంతా మమ్మల్ని వెంటాడాయి, ఎలాగో చెప్తా చూడండి. ఇంకోటి, రెండు వ్యాన్లకి కలిపి గైడ్ ఒక్కడే. అతను మొదటి వ్యాన్ లో కూర్చుంటే రెండో వ్యాన్ లో పదిమందిమి కిటికీలోంచి చూస్తూ మాకు మేమే ఊహించుకుంటూ వెళ్ళాం.

అయినా ఆ దారి నాకు చాలా నచ్చింది. బ్యాంకాక్ దాటి నైరుతి వైపు రామా 2 రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా ఉప్పు మడులు. మాది నౌపడ పక్కన ఊరు, మా తాత జీవితమంతా ఉప్పు మడుల్లోనే పనిచేశాడు, అందుకని వ్యాన్ లో అందరికన్నా ముందు గుర్తుపట్టింది నేనే. వానాకాలం కాబట్టి మడుల నిండా నీళ్ళున్నాయి, మన దగ్గరా ఇప్పుడు అలాగే ఉంటాయి, ఎండలు ముదిరాకే కదా ఉప్పు పండేది. ఆ జిల్లాల పేర్లు విన్నా మనవాటిలాగే ఉన్నాయి. సముత్ సాఖోన్ అంటే మన సముద్ర సాగరం, సముత్ సోంగ్‌ఖ్రామ్ అంటే సముద్ర సంగ్రామం, పడవల సంత ఉన్న రాచ్చబురి అంటే రాజపురి. ఇవన్నీ సంస్కృతం నుంచి వెళ్ళిన మాటలేనని సార్ చెప్పారు. మన కళింగపట్నం రేవు, శాలిహుండం బౌద్ధ స్తూపాలు రోజూ చూసే మాకు ఆ బోర్డులు చదువుతుంటే ఏదో చుట్టాల ఊరికి పోతున్నట్టే అనిపించింది.

పడవల సంతకి వెళ్ళక ముందే ఒక కొబ్బరి బెల్లం షాపు దగ్గర ఆపారు, ఇది ప్లాన్ లో లేదు. కొబ్బరి పూగుత్తి కోసి కారిన నీరా పట్టి, పెద్ద పెద్ద మూకుళ్ళలో కాచి, చిక్కబడ్డాక కవ్వం లాంటి దాంతో గిలకొట్టి బెల్లం చేస్తున్నారు. అది చూడ్డం బాగానే ఉంది, తాటిబెల్లం తెలిసిన మనకి పెద్ద వింతేం కాదు కానీ వేడివేడిగా నాలిక మీద వేసుకుంటే కమ్మగా ఉంది. పది నిమిషాల పని. మమ్మల్ని నలభై నిమిషాలు ఉంచారు, ఎందుకంటే వెనక పెద్ద షాపు, బొమ్మలు, బ్యాగులు, సబ్బులు. మేం కొనే రకం కాదని వాళ్ళకి తెలిసేసరికే నలభై నిమిషాలయింది. అప్పటికే లేటని మేడం గైడ్ కి రెండుసార్లు చెప్పారు, అతను నవ్వి ఫైవ్ మినిట్స్ మేడం అనడమే.

డామ్నెన్ సదువాక్ గురించి కొంచెం ఓపిగ్గా చెప్పాలి. ఇది నిజానికి ఒక కాలువ, రాజు నాలుగో రామ కాలంలో 1866 లో తవ్వడం మొదలుపెట్టి 1868 కల్లా పూర్తిచేశారు, 32 కిలోమీటర్ల పొడవు, మేక్లాంగ్, తా చిన్ అనే రెండు నదుల్ని కలపడానికి. దానికి అటూ ఇటూ పిల్లకాలువలు, వాటి గట్ల మీద కొబ్బరి తోటలు, పళ్ళ తోటలు. రోడ్లు లేని రోజుల్లో రైతులు పడవలోనే సరుకు తెచ్చి పడవలోనే అమ్ముకునేవాళ్ళు, అదే ఈ సంత. ఇప్పుడు అక్కడ ఊరివాళ్ళు ఊరివాళ్ళకి అమ్ముకునేది తక్కువ, టూరిస్టులకి అమ్మేదే ఎక్కువ. కాలువ గట్టునంతా షాపులే, బోటు ఆగితే చాలు కొక్కెం ఉన్న కర్రతో బోటుని తమ వైపు లాక్కుంటారు, క్యాలిక్యులేటర్ మీద రేటు కొట్టి చూపిస్తారు. 600 బాత్ చెప్పిన గుడ్డ బ్యాగుని ఒకమ్మాయి 180 కి తెచ్చుకుంది, ఇంకా తగ్గేదేమో కూడా.

మాకు కోపం వచ్చింది సంత మీద కాదు, బోటు దగ్గర. ప్యాకేజీలో బోటు ఉందనే రాశారు. కానీ అది సంతకి దూరంగా ఉన్న ఒక ప్రైవేటు రేవు నుంచి సంత దాకా దింపే ఇంజిన్ బోటు, పావుగంట కూడా లేదు. సంత లోపల తిరగాలంటే తెడ్డు పడవ ఎక్కాలి, దానికి మనిషికి ఇంకో 150 బాత్ అడిగారు. ఇరవై మందికి 3,000 బాత్, అంటే మన డబ్బులో ఎనిమిది వేల పైన. ఎక్కనివాళ్ళు గట్టు మీద నడిచి చూడొచ్చు అన్నాడు గైడ్. చివరికి సార్ బేరమాడి 100 కి తెచ్చారు, పన్నెండు మంది ఎక్కారు, ఎనిమిది మందిమి గట్టు మీద నడిచాం, నేను నడిచిన బ్యాచ్. ఇక్కడ జూనియర్లు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది, బుక్ చేసే ముందు ఏ బోటు, ఎంతసేపు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడిగి మెసేజ్ లో రాయించుకోండి. బోటు ఇంక్లూడెడ్ అంటే సరిపోదు.

గట్టు మీద నడిచినందుకు నాకేం నష్టం రాలేదు, ఇంకా ఎక్కువే చూశాను. పడవ నడిపే ఆడవాళ్ళంతా దాదాపు మా అమ్మమ్మ వయసు వాళ్ళు, నెత్తిన తాటాకుతో అల్లిన టోపీ, వానలో మనవాళ్ళు ఊడ్పులకి పెట్టుకునే గిడుగు గుర్తొచ్చింది. ఒక ముసలమ్మ పడవలోనే పొయ్యి పెట్టి ఖనోమ్ క్రోక్ వేస్తోంది, మన గుంటపునుగుల పెనం లాంటిదే, బియ్యప్పిండి, కొబ్బరిపాలు, పైన ఉల్లికాడలు. పైన తియ్యగా మెత్తగా, కింద కరకరలాడుతూ. ఒక దొన్నె 40 బాత్, నలుగురం పంచుకున్నాం. ఇంకో పడవలో గుడ్డలో చుట్టిన బంక బియ్యం అన్నం, మామిడిపండు ముక్కలు, పైన కొబ్బరిపాలు. మామిడి మాత్రం ఊరికే పొగడను, మన విజయనగరం తోటల పండు తిన్నవాళ్ళకి అది చప్పగానే ఉంటుంది, పైగా సీజనూ కాదు. అన్నం, కొబ్బరిపాలు బావున్నాయి. కాలువలో ఒక ఉడుము నీళ్ళ మీద తల పెట్టి నింపాదిగా ఈదుకుంటూ పోయింది, మన ఉడుముకన్నా పెద్దది, నీటి ఉడుమని మేడం చెప్పారు, మా జువాలజీ వాళ్ళం అందరం సంత వదిలేసి దాని వెనకాల గట్టు మీద పరిగెత్తాం. వాన మొదలైంది, గొడుగులు వ్యాన్ లో ఉన్నాయి, అక్టోబర్ లో వెళ్ళేవాళ్ళు గొడుగు చేతిలోనే ఉంచుకోండి.

ఇక మేక్లాంగ్. ఈ రోజుకంతటికీ ప్రాణం ఇదే. రైలు పట్టాల మీద కూరగాయల సంత, రైలొచ్చినప్పుడు పందిళ్ళు మడిచి, పోగానే మళ్ళీ వేసేస్తారు, వీడియోలు అందరూ చూసే ఉంటారు. థాయ్ లో దీన్ని తలాత్ రోమ్ హుప్ అంటారు, గొడుగులు ముడిచే సంత అని అర్థం. రైలు రోజుకి నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లు పోతుంది. మేం చూడాల్సింది 11:10 కి వచ్చేది. మొదటి వ్యాన్ చేరింది 11:20 కి. యాభై నిమిషాలు పొద్దున్న హోటల్ దగ్గర, నలభై నిమిషాలు బెల్లం షాపులో, అదీ లెక్క. రైలు అప్పటికే వచ్చి సంత చివర్న స్టేషన్ లో నిలబడి ఉంది. సరే 11:30 కి తిరిగి పోయేదైనా చూద్దామని పరిగెత్తితే మొదటి వ్యాన్ వాళ్ళకి లోపల చోటు దొరికింది, రెండో వ్యాన్ వాళ్ళం 11:27 కి వచ్చాం, రోడ్డు పక్కనే ఇరుక్కుని జనం తలకాయలు, పైకెత్తిన ఫోన్లు చూశాం. డ్వాక్రా లోన్ తీసుకుని వచ్చిన అమ్మాయి మా వ్యానే. ఆమె ఏమీ అనలేదు, కానీ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా మేడం ఒక మంచి పని చేశారు. గైడ్ భోజనానికి రండి అని తొందరపెడుతుంటే, లేదు, ఇక్కడే గంటసేపు ఉంటాం, మీరు కావాలంటే వ్యాన్ లో కూర్చోండి అని తెగేసి చెప్పేశారు. రైలు పోగానే టూరిస్టు గుంపులు కూడా గైడ్ల జెండాల వెనకాల వెళ్ళిపోయాయి, పది నిమిషాల్లో సంత ఖాళీ అయి మామూలు సంత అయిపోయింది. మేం చూసిన అసలు మేక్లాంగ్ ఆ గంట. ఊరి ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని వచ్చి వంగి చేపల మొప్పలు ఎత్తి చూస్తున్నారు, అచ్చం మన మార్కెట్లో చూసినట్టే. కూరగాయల బుట్టల్ని పట్టాల పక్కన ఎంత కొలతగా పెడతారంటే రైలు వాటి మీదగా తగలకుండా పోతుంది, వాటిని తీయనే తీయరు. ఎత్తుగా ఉన్న బల్లలకి మాత్రం చక్రాలు, వెనక్కి తోసేస్తారు. పందిరి గుడ్డని ఒక్క కర్రతో లాగి ఎలా మడుస్తారో ఒకామె మాకోసం రైలు లేకుండానే మడిచి చూపించింది. మేం చప్పట్లు కొడితే సిగ్గుపడి నవ్వింది.

ఆ లైను 1905 నాటిది, సముద్రం దగ్గర చేపల్ని బ్యాంకాక్ చేర్చడానికి వేశారు. ఇది చదివినప్పుడే తాతకి వీడియో కాల్ చేద్దామని అనుకున్నా. మా నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు 1900 లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది, ఆ నేరోగేజి బండి 2004 లో ఆపేసి బ్రాడ్ గేజి వేసి 2011 లో మళ్ళీ తెరిచారు, తాత ఆ పాత బండిలోనే తిరిగినవాడు. ఫోన్ లో పట్టాలు, వాటి పక్కన వంకాయ బుట్టలు చూపిస్తే "ఏటమ్మా, మన పర్లాకిమిడి బండి లాగుంది, దిగి నడిచినా దాంతో పాటే పోయీవోళ్ళం" అన్నాడు. ఆ తర్వాత నేను చేపల వైపు తిప్పాను, అంతే, ఇక రైలు మర్చిపోయాడు.

ఎందుకంటే అక్కడ అమ్మేది కానాగంతలు. ప్లా థూ అంటారు వాళ్ళు, మేక్లాంగ్ ప్లా థూ అంటే దేశమంతా పేరు. చిన్న వెదురు బుట్టల్లో రెండేసి మూడేసి చొప్పున, మెడలు కిందికి విరిచి, ముడుచుకుని పడుకున్నట్టు పెడతారు. బుట్ట చిన్నది, చేప నిలువునా పట్టదు, అందుకని మెడ విరుస్తారు. ముఖం వంగి మెడ విరిగి అని దీనికి వాళ్ళ భాషలో ఒక సామెతలాంటి మాట కూడా ఉంది. ముందే ఉప్పునీటిలో ఉడికించి అమ్ముతారు, ఇంటికి తీసుకెళ్ళి నూనెలో వేపుకోవడమే. "మెడ ఇరిసేస్తే ఎలాగే, తాజాదో కాదో ఎలా తెలుస్తాది?" అని తాత అనుమానం. నిజమే కదా, మనం మొప్పలు చూసి కొంటాం.

మేడం అక్కడే పట్టాల పక్కన నిలబడి మాకు క్లాసు చెప్పేశారు. మన కానాగంతకి సైన్స్ పేరు రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఆ కనగుర్త అనే ముక్క తెలుగు మాటే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు విశాఖపట్నంలో ఉండి మన జాలర్ల దగ్గర చేపలు తీసుకుని, వాళ్ళు చెప్పిన పేర్లతోనే బొమ్మలు వేయించి 1803 లో అచ్చేశాడు, తర్వాత శాస్త్రవేత్తలు ఆ పేరునే ఉంచేశారు. అంటే ఇండోనేషియాలో అయినా ఆఫ్రికా తీరంలో అయినా ఆ చేప గురించి రాసేవాళ్ళు మన జాలరి మాటనే రాస్తారు. మేక్లాంగ్ బుట్టలో ఉన్నది దాని దగ్గరి చుట్టం, రాస్ట్రెల్లిజర్ బ్రాకీసోమా, ఒళ్ళు కాస్త పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. మాలో ఒకబ్బాయిది కళింగపట్నం దగ్గర మత్స్యకార కుటుంబం, వాడు ఆ చేపమ్మే ఆమెకి ఫోన్ లో వాళ్ళ నాన్న వల, తెప్ప ఫోటోలు చూపించాడు, ఆమె పక్క కొట్లవాళ్ళని కూడా పిలిచి చూపించింది, భాష ఒక్క ముక్క రాకుండా ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. వాడి చేతిలో ఒక బుట్ట పెట్టి డబ్బు వద్దంది. హోటల్లో వండుకోలేం, అందుకే మధ్యాహ్నం భోజనం చేసిన చోట వాళ్ళనే బతిమాలి వేపించుకుని తిన్నాం. ఈ గంట కోసం నేను 3,800 కాదు ఇంకో వెయ్యి అడిగినా ఇచ్చేదాన్ని.

భోజనం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ప్యాకేజీ భోజనం అన్నం, చికెన్, ఒక సూపు, పర్లేదు. కానీ మాలో ముగ్గురు శాకాహారులు, ముందే రాసి పంపాం కూడా, అయినా వాళ్ళకి పెట్టిన కూరలో చేపల సాస్ ఉంది. అక్కడ కూరగాయల కూరైనా సరే చేపల సాస్ మామూలే. శాకాహారం అంటే అర్థం కాదు, జే అని చెప్పాలి, పసుపు రంగు మీద ఎర్రక్షరాల జెండా ఉన్న కొట్టు జే కొట్టు, అక్కడ మాంసం, చేప, గుడ్డు, ఆఖరికి వెల్లుల్లి కూడా ఉండదు. వాళ్ళు ముగ్గురూ ఆ పూట అన్నంలో ఇంటి నుంచి తెచ్చుకున్న పుట్నాల పొడి, పలాస జీడిపప్పుతో సరిపెట్టుకున్నారు. మీరూ తీసుకెళ్ళండి.

డాన్ హోయి లాట్ చూపించలేదు. లేటయిపోయింది, అక్కడికెళ్తే అంఫావాలో చోటు దొరకదు అన్నాడు గైడ్. మామూలు టూరిస్టులకి అది ఒక బురద మేట, కానీ మేం ఈ ప్యాకేజీని ఎంచుకుందే దానికోసం. మేక్లాంగ్ నది సముద్రంలో కలిసే చోట కిలోమీటర్ల కొద్దీ బురద తీరం, 2001 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న చిత్తడి నేల. పాత మంగలికత్తి పిడిలాంటి పొడుగాటి గుల్లలు బురదలో నిలువుగా దిగి ఉంటాయి, ఆటుకి నీళ్ళు తీసినప్పుడు ఊరివాళ్ళు సన్నని పుల్లకి సున్నం రాసి కన్నంలో పొడిస్తే గుల్ల పైకి వచ్చేస్తుంది, అప్పుడు చేత్తో లాగేస్తారు. మన తేలినీలాపురం పక్షుల కేంద్రం, నౌపడ బురద నేలలు చూస్తూ పెరిగిన మాకు, అలాంటి తీరాన్ని ఇంకో దేశంలో ఎలా చూసుకుంటున్నారో చూడాలని ఎంతో ఉండేది, నా ప్రాజెక్టు కూడా దాని మీదే రాద్దామనుకున్నా. బెల్లం షాపుకి టైముంది, దీనికి లేకపోయింది. ఇది మాత్రం మనసులోంచి పోవట్లేదు.

అంఫావా మధ్యాహ్నం మూడున్నరకి చేరాం. డామ్నెన్ కన్నా ఇది నాకు వందరెట్లు నచ్చింది. కాలువకి రెండు వైపులా పాత చెక్క ఇళ్ళు, కింద కొట్లు, మెట్లు నీళ్ళలోకి దిగుతాయి, ఆ మెట్ల మీదే కూర్చుంటే ఎదురుగా పడవలో నిప్పుల మీద రొయ్యలు, పీతలు, సొరచేప కాదుగానీ పేరు తెలియని ఏవేవో చేపలు కాల్చి మన చేతికందిస్తారు. వచ్చినవాళ్ళలో థాయ్ కుటుంబాలే ఎక్కువ, పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని వీకెండ్ కి వచ్చినవాళ్ళు, అందుకే రేట్లూ అందరికీ ఒకటే, బోర్డు మీద రాసి ఉంటాయి. మూడు గంటలు మమ్మల్ని స్వేచ్ఛగా వదిలేశారు, గైడ్ చేసిన మంచి పని ఇదొక్కటి. నీరు తీసేసిన చోట బురదలో గెంతే చేపలు కనబడ్డాయి, రెక్కల మీద పాకుతూ, కళ్ళు నెత్తి మీద పెట్టుకుని.

చీకటి పడ్డాక బోటు. మనిషికి 60 బాత్, అది ప్యాకేజీలోనే ఉంది. కాలువ దాటి పెద్ద నదిలోకి వచ్చాక ఇంజిన్ తగ్గించి ఒడ్డున ఉన్న చెట్ల దగ్గరకి తీసుకెళ్తాడు. లంఫూ చెట్లవి, మడ చెట్ల జాతి, వాటి మీదే మిణుగురులు చేరతాయి. మేం వెళ్ళింది దసరా వెళ్ళిన మూడో రోజు, పున్నమికి ఇంకా మూడు రోజులే ఉంది, వెన్నెల పట్టపగల్లా కాస్తోంది. అందుకని మొదటి రెండు చెట్ల మీద ఏమీ కనపడలేదు, అక్కడొకటి ఇక్కడొకటి. ఎవరో అబద్ధం చెప్పారేమో అనుకున్నాం. మూడో చెట్టు వంపు నీడలో ఉంది, బోటతను ఇంజిన్ పూర్తిగా ఆపేశాడు. అప్పుడు కనబడింది. చెట్టంతా ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. మన ఊళ్ళలో మిణుగురులు ఎవరిష్టం వాళ్ళన్నట్టు వెలుగుతాయి, ఇవి తాళం వేసినట్టు. టెరోప్టిక్స్ అనే జాతి, మగవన్నీ కలిసి ఒకే లయలో వెలుగుతాయి, ఆడవాటిని పిలవడానికి. బోటులో ఇరవై మందిమి ఉన్నాం, ఒక్కరు మాట్లాడలేదు. సీతంపేట వైపు కొండ ఊరి నుంచి వచ్చే అబ్బాయి మాత్రం కాసేపటికి మెల్లగా అన్నాడు, "మా ఊళ్ళో చిన్నప్పుడు వానాకాలం చింతచెట్టు ఇలాగే ఉండేది, ఇప్పుడు వీధి లైట్లొచ్చాక లేవు".

మేడం చెప్పిన ఇంకో మాట కూడా రాయాలి. ఈ మిణుగురుల పిల్లలు ఒడ్డు బురదలోనే పెరుగుతాయి, చిన్నచిన్న నత్తల్ని తిని. ఇంజిన్ బోట్ల అలలకి ఒడ్డు కోసుకుపోతే వాటికి ఇల్లు పోయినట్టే. మాముందు, మావెనక కూడా బోట్లు బారులు తీరి ఉన్నాయి, ఒక బోటులో స్పీకర్ పెట్టుకుని పాటలు, కొందరు ఫ్లాష్ కొట్టి ఫోటోలు. దయచేసి మనవాళ్ళు ఆ పని చేయకండి. ఫ్లాష్ తో ఫోటో ఎలాగూ రాదు, చెట్టు ఆకులు మాత్రమే పడతాయి. చిన్న బోటు అడగండి, ఇంజిన్ ఆపమని అడగండి, ఇంకా వీలైతే పున్నమి వారం వదిలేసి అమావాస్య వైపు వెళ్ళండి, వానాకాలం మంచిది.

డ్రైవర్ గారి గురించి చెప్తానన్నాను కదా. మా రెండో వ్యాన్ నడిపినాయనకి ఇంగ్లీషు పది మాటలు కూడా రావు. తిరుగు దారిలో ఒకమ్మాయికి వాంతులయ్యాయి, ఆయన వెంటనే పక్కకి ఆపి, పెట్రోల్ బంకులో నీళ్ళు, నిమ్మ చాక్లెట్లు తన డబ్బుతో కొని తెచ్చి, ముందు సీట్లో కూర్చోబెట్టి, మిగతా దారంతా నెమ్మదిగా నడిపాడు. మేం కలిపి ఇచ్చిన 200 బాత్ రెండుసార్లు వద్దన్నాకే తీసుకున్నాడు. హోటల్ చేరేసరికి పదిన్నర.

మళ్ళీ వెళ్తే నేనైతే ఇలా చేస్తా. పడవల సంత తీసేస్తా, అంఫావా చూసేవాళ్ళకి అది అక్కర్లేదు. బ్యాంకాక్ లో వొంగ్‌వియన్ యాయ్ స్టేషన్ నుంచి మహాచాయ్ దాకా లోకల్ రైలు, అక్కడ లైను తెగిపోతుంది కాబట్టి తా చిన్ నది ఫెర్రీలో దాటి, అవతల బాన్ లేమ్ లో మేక్లాంగ్ రైలెక్కితే ఓ గంటలో సరాసరి ఆ సంతలోంచే దిగుతాం, రైలు చూడ్డం కాదు, రైల్లోంచి సంతని చూడొచ్చు. టికెట్లకి అయ్యేది చాలా తక్కువ. మధ్యాహ్నం ఆటు టైము చూసుకుని డాన్ హోయి లాట్, సాయంత్రం అంఫావా, ఇవన్నీ ఒకే జిల్లాలో ఉన్నాయి, సముత్ సోంగ్‌ఖ్రామ్ ఆ దేశంలోకెల్లా చిన్న జిల్లా, తిరగడానికి లోకల్ వ్యాన్ మాట్లాడుకోవచ్చు. బాన్ లేమ్ లో రోజుకి నాలుగు రైళ్ళే కాబట్టి పొద్దున్నే లేవాలి, ఒకటి తప్పితే చాలాసేపు ఆగాలి. అంత ఓపిక లేకపోతే ప్యాకేజీయే తీసుకోండి, కానీ షాపుల దగ్గర ఆపకూడదని, ప్రతి వ్యాన్ కి ఒక గైడ్ ఉండాలని, 11:10 రైలుకి అరగంట ముందు సంతలో ఉండాలని రాయించుకుని, సగం డబ్బు మాత్రమే ముందు కట్టండి. మేం మొత్తం ముందే కట్టేశాం.

డాన్ హోయి లాట్ చూపించనందుకు, రైలు తప్పించినందుకు మనిషికి 300 బాత్ వెనక్కి ఇవ్వమని సార్ మెయిల్ పెట్టారు, వాట్సాప్ ప్లాన్, వ్యాన్ వచ్చిన టైము ఉన్న ఫోటోలు జతచేసి. రెండు వారాలైంది. నిన్న మా టీమ్ తో మాట్లాడి చెప్తాం అని జవాబొచ్చింది. డబ్బు వస్తే డబ్బు కుదరక ఆగిపోయిన ఆ ముగ్గురికీ ఎగ్జామ్ ఫీజు కట్టాలని అందరం అనుకున్నాం. వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తాను.